పడవ అరలో చేయి దూరేదెలా?

మీ ఇంట్లో అటక ఉందా? ఉంటే ఈ సంగతి మీకు అనుభవమే అయి ఉంటుంది. పండగ రోజున అమ్మకు పెద్ద గుండిగ కావలసి వస్తుంది. అది అటక మీద అన్నిటికంటె వెనక ఉంటుంది. దాని ముందు పాత ట్రంకుపెట్టె, పెట్టె మీద పరుపుచుట్ట, పక్కన ఇత్తడి బిందెలు. ఒక్క గుండిగ కోసం అటకంతా దింపవలసిందే. దింపినవి పెట్టుకోవడానికి కింద నేల ఉంది కాబట్టి సరిపోయింది. ఆ నేల కూడా ఒక పక్కకు ఒరిగిపోయి, ఊగుతూ ఉంటే ఏం చేస్తారు?

సముద్రం మీద తెరచాప పడవలో ఉండేవారి అవస్థ సరిగ్గా అదే. 1968 జూన్ 14న రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అనే నావికుడు ఇంగ్లండులోని ఫాల్మత్ నుంచి ఒంటరిగా బయలుదేరి, ఎక్కడా రేవులో ఆగకుండా భూమిని చుట్టి 312 రోజుల తరవాత, 1969 ఏప్రిల్ 22న, అదే రేవుకు చేరాడు. అలా చేసిన మొదటి మనిషి ఆయనే. ఆయన పడవ 'సుహైలీ' మన బొంబాయిలో టేకుతో కట్టినది. పొడవు 32 అడుగులు. అంటే మీ తరగతి గది కంటె పెద్దగా ఎక్కువ కాదు. పది నెలల తిండీ, నీళ్లూ, తాళ్లూ, తెరచాపలూ, పనిముట్లూ అందులోనే సర్దుకోవాలి. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి 2018 మే 21న తిరిగి వచ్చిన మన నౌకాదళం పడవ 'తారిణి' పొడవు 55 అడుగులు. అందులో ఆరుగురు మహిళా అధికారులు. వారిలో స్వాతి విశాఖపట్నం అమ్మాయి, ఐశ్వర్య హైదరాబాదు అమ్మాయి. 55 అడుగులంటే ఎక్కువే అనిపిస్తుంది గాని, ఆరుగురి సామానుకు అది ఏ మూలకు?

అందుకని పడవలో ఖాళీ అంటూ వదలరు. కూర్చునే బల్ల కింద అర, పడుకునే మంచం కింద అర, మెట్ల వెనక అర, చుక్కాని పట్టేవాడి పీట కింద అర. అరలకేం, కావలసినన్ని! చేయి అందేవే తక్కువ.

ఎందుకిలా ఉంటాయి? మొదటి కారణం, పడవ గోడ నిటారుగా ఉండదు; కొబ్బరిచిప్పలాగా లోపలికి వంగి అడుగున కలుస్తుంది. కాబట్టి అర పైన వెడల్పు, కింద ఇరుకు. చదరపు పెట్టె పెడితే మూలల్లో చోటు వృథా, చిన్న వస్తువు పెడితే జారిపోయి అట్టడుగున చేరుతుంది. రెండో కారణం మీరు చదువుకున్నదే: గరిమనాభి. పడవ గాలికి ఒరిగినప్పుడు దాన్ని తిరిగి నిలబెట్టేది అడుగున ఉన్న బరువు. గరిమనాభి ఎంత కిందికి ఉంటే పడవ అంత బలంగా లేచి నిలబడుతుంది. కాబట్టి డబ్బాలు, నీళ్లు, లంగరు గొలుసు వంటి బరువులన్నీ కిందనే, అదీ పడవ నడుమనే పెట్టాలి. కొసల్లో ఎందుకు పెట్టకూడదంటే, జడత్వ భ్రామకం దూరపు వర్గంతో పెరుగుతుంది. 20 కిలోల మూటను నడుమకు ఒక మీటరు దూరంలో పెట్టడానికీ, 4 మీటర్ల దూరంలో ముక్కు దగ్గర పెట్టడానికీ తేడా నాలుగు రెట్లు కాదు, పదహారు రెట్లు. అటువంటి పడవ అల మీదికి చురుగ్గా లేవలేక ముక్కుతో నీళ్లలోకి పొడుస్తుంది.

చూశారా! తేలిగ్గా అందే ఎత్తైన చోట బరువు పెట్టకూడదు. బరువు పెట్టవలసిన చోటు అందదు. మనం విప్పవలసిన ముడి ఇదే.

ఇది సుఖానికి సంబంధించిన విషయం మాత్రమే అనుకోకండి. పడవ గోడకు నీటి మట్టం కింద కొన్ని కన్నాలు కావాలనే పెడతారు. ఇంజను చల్లబరిచే నీరు లోపలికి రావడానికి ఒకటి, మరుగుదొడ్డి నీరు పోవడానికి ఒకటి, ఇలా. ప్రతి కన్నానికీ ఒక కుళాయి ఉంటుంది. దాన్ని సీకాక్ అంటారు. దానికి రబ్బరు గొట్టం తగిలిస్తారు. ఆ గొట్టం ఊడితే? కుళాయి కట్టేదాకా సముద్రం లోపలికి వస్తూనే ఉంటుంది.

ఎంత వస్తుందో లెక్క వేద్దాం. కన్నం వ్యాసం 38 మిల్లీమీటర్లు, నీటి మట్టానికి 60 సెంటీమీటర్ల కింద ఉందనుకోండి. టారిసెల్లీ సూత్రం ప్రకారం నీటి వేగం, గురుత్వ త్వరణాన్నీ లోతునూ గుణించి, దాన్ని రెట్టింపు చేసి, వర్గమూలం తీస్తే వస్తుంది. 2 × 9.8 × 0.6 అంటే 11.76, దాని వర్గమూలం సుమారు 3.4. సెకనుకు 3.4 మీటర్లు! కన్నం వైశాల్యం సుమారు 11.3 చదరపు సెంటీమీటర్లు. రెండూ గుణిస్తే సెకనుకు 3.9 లీటర్లు. నీటి ధార కన్నం దాటగానే సన్నబడుతుంది కాబట్టి అందులో పది భాగాలకు ఆరు భాగాలు, అంటే 0.6 వంతు, తీసుకుందాం. సెకనుకు 2.3 లీటర్లు. మీ ఇంట్లో 15 లీటర్ల బిందె ఆరున్నర సెకన్లలో నిండుతుంది. లోపల నీటి మట్టం పెరిగేకొద్దీ ఈ వేగం తగ్గుతుంది నిజమే, గాని మొదటి నిమిషాల్లో ఈ లెక్క సరిపోతుంది.

ఇప్పుడు ఆ కుళాయి బల్ల కింద అరలో, వంటసామాను వెనక ఉందనుకోండి. బల్ల మీద పరుపు తీసి, మూత ఎత్తి, డబ్బాలన్నీ బయట పెట్టి, చేయి చాపేసరికి ఐదు నిమిషాలు. ఈలోగా 700 లీటర్లు, అంటే 700 కిలోల బరువు, పడవలోకి చేరుతుంది. అర మొదలంటా ఖాళీ చేయకుండా కుళాయి అందుకోగలిగితే పది సెకన్లు చాలు. అందుకే తెలిసిన నావికుడు కొత్త పడవ ఎక్కగానే ముందు చూసేది తెరచాపల్ని కాదు. కళ్లు మూసుకుని ప్రతి సీకాక్‌నూ చేతితో తడిమి పట్టుకోగలనా అని చూసుకుంటాడు. ప్రతి కుళాయి పక్కనా దాని కన్నానికి సరిపోయే మొనదేలిన కొయ్య బిరడా ఒకటి దారంతో కట్టి ఉంచుతాడు. కుళాయే విరిగిపోతే ఆ బిరడా కొట్టడానికి.

సరే, అరలను బాగుచేయడం మొదలుపెడదాం. రంపం ఇంకా పట్టుకోకండి.

ముందు ఏ వస్తువు ఎన్నిసార్లు కావాలో చూడాలి. రోజూ కావలసింది పైన, నెలకోసారి కావలసింది కింద, ప్రాణం మీదికి వచ్చినప్పుడు కావలసింది అన్నిటికంటె ముందు. అడుగున పెట్టే వస్తువుకు ఒక తాడు కట్టి కొస పైకి తెచ్చి మూత దగ్గర కొక్కేనికి తగిలిస్తే, బావిలో చేద తోడినట్టు పైకి లాగవచ్చు. వంపు గోడల అరలో గట్టి పెట్టెల కంటె గుడ్డ సంచులు మేలు. అవి గోడ వంపుకు ఒదుగుతాయి. పెద్ద అరను పలకలతో మూడు నాలుగు గదులుగా విడదీస్తే వస్తువులు ఒకదాని కిందికి ఒకటి జారిపోవు. తగరపు డబ్బాల మీది కాగితాలు చెమ్మకు ఊడిపోతాయి కాబట్టి ముందే పీకేసి, డబ్బా మీదనే రంగుతో గుర్తు వేస్తారు. లేకపోతే బఠాణీలు అనుకుని తెరిస్తే పైనాపిల్ వస్తుంది. కంటికి కనబడని మూలకు పొడుగు కర్రకు కట్టిన చిన్న అద్దం, ఒక టార్చి చాలు. పరావర్తనం గురించి మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇవన్నీ చేసినా పైనుంచి తెరిచే అరకు ఒక దోషం ఉంటుంది. పైదాన్ని తీయకుండా కిందిది రాదు. మన పల్లెల్లో ధాన్యం గాదెలు చూసినవారికి దీనికి మందు తెలుసు. కొన్ని గాదెలకు పైనుంచి ధాన్యం పోస్తారు, కింద ఒక చిన్న తలుపు తీసి తీసుకుంటారు. పడవలో కూడా బల్ల ముందు పలకకు ఒక వాకిలి కోస్తే, పరుపు కదపకుండానే చేయి లోపలికి పోతుంది.

వాకిలి ఎంత ఉండాలి? ఒక అట్టముక్క తీసుకుని వృత్తాకారంగా కన్నం చేసి మీ చేయి దూర్చి చూడండి. ఖాళీ చేయి ఎనిమిది సెంటీమీటర్ల కన్నంలో దూరవచ్చు. అదే చేతితో ఒక పాలడబ్బా పట్టుకుని బయటికి తీయండి చూద్దాం! కుండలో చేయి పెట్టి గుప్పిట విప్పని కోతి కథ మీకు తెలిసిందే. కాబట్టి అట్టలో కన్నాన్ని కొంచెం కొంచెం పెద్దది చేస్తూ, వస్తువుతో సహా చేయి సుఖంగా వచ్చే కొలత కనుక్కుని, అప్పుడు కొయ్య కోయాలి. అట్ట కోసినదాన్ని పారేయవచ్చు, కొయ్య కోసినదాన్ని అతికించలేం.

ముందు వాకిలి నేల దాకా కోయకూడదు. కింద ఒక గడప వదలాలి. కారణం ఘర్షణ. ఒక పలక మీద డబ్బా పెట్టి, పలకను ఒక పక్క మెల్లగా ఎత్తండి. డబ్బా జారడం మొదలైనప్పుడు పలక ఎత్తును అడుగు కొలతతో భాగిస్తే ఘర్షణ గుణకం వస్తుంది. రంగు వేసిన నున్నటి కొయ్య మీద అది 0.4 ఉందనుకుంటే, 22 డిగ్రీలు ఒరగగానే డబ్బా జారుతుంది. తెరచాప పడవ 20, 25 డిగ్రీలు ఒరిగి గంటల తరబడి పోవడం మామూలే. అందుకని గడపా కావాలి, తలుపుకు గట్టి గడియా కావాలి. అయస్కాంతపు గడియలు బీరువాలకు బాగుంటాయి గాని ఇక్కడ పనికిరావు. 1979 ఆగస్టులో ఐర్లండు వైపు జరిగిన ఫాస్ట్‌నెట్ పందెంలో 303 పడవలు బయలుదేరాయి. దారిలో పెనుతుఫాను వచ్చి ఎన్నో పడవలు పక్కకు పడిపోయాయి, కొన్ని తలకిందులయ్యాయి. పోటీదారులు 15 మంది చనిపోయారు. 5 పడవలు మునిగాయి. 24 పడవలను వదిలేశారు. బోర్లా పడిన పడవలో సరిగా బిగించని ప్రతి బరువూ ఎగిరివచ్చి తగిలే రాయే. గడియ వేసిన తలుపు, పడవను తలకిందులు చేసినా తెరుచుకోకూడదు. అదీ దాని పరీక్ష.

ఇక రంపం పట్టుకోవచ్చు. కాని అంతకంటె ముందు ఒక ప్రయోగం. దీన్ని చదివి వదిలేయకుండా చేసి చూడండి, చాలా తమాషాగా ఉంటుంది.

ఒకే కాగితం నుంచి, ఒకే దిశలో, 5 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల పొడవుతో మూడు పట్టీలు కత్తిరించండి. (ఒకే దిశలో అని ఎందుకన్నానంటే, కాగితంలో నారలు ఎక్కువగా ఒక వైపుకే ఉంటాయి. వార్తాపత్రికను నిలువుగా చింపితే తిన్నగా చిరిగి, అడ్డంగా చింపితే వంకరగా పోవడం మీరు చూసే ఉంటారు.) మొదటి పట్టీ నడుమ బ్లేడుతో అడ్డంగా 2 సెంటీమీటర్ల గాటు పెట్టండి. రెండో పట్టీ నడుమ 2 సెంటీమీటర్ల వ్యాసం గల గుండ్రటి కన్నం, అంచు నున్నగా ఉండేలా కోయండి. మూడోదానికి కాగితాలకు కన్నాలు వేసే పంచితో రెండు చిన్న కన్నాలు వేసి, రెంటి నడుమ గాటు పెట్టండి. కన్నాలతో సహా మొత్తం 2 సెంటీమీటర్లే ఉండాలి. మూడు పట్టీల్లోనూ మిగిలిన కాగితం 3 సెంటీమీటర్లే గదా! ఇప్పుడు ఒక్కొక్కదానికి పైన కింద కర్రముక్కలు అతికించి వేలాడదీసి, కింద డబ్బా కట్టి, మెల్లగా ఇసుక పోయండి. మా తరగతిలో పందెం కాసిన పిల్లలు చాలామంది మూడూ ఒకే బరువుకు తెగుతాయన్నారు. మొదటిది అందరికంటె ముందు చిరిగిపోయింది.

కారణం ఇది. లాగే బలం కాగితం గుండా ఏటి నీటిలా ప్రవహిస్తుందని ఊహించుకోండి. మధ్యలో అడ్డం వస్తే పక్కల నుంచి తిరిగి పోవాలి. గుండ్రటి అడ్డం చుట్టూ నెమ్మదిగా తిరుగుతుంది. పదునైన మొన దగ్గర మాత్రం అంతా ఒక్కచోట ఇరుక్కుంటుంది. దీన్ని లెక్క కట్టి చూపించినవాడు కేంబ్రిడ్జిలోని ఇంజనీరు చార్లెస్ ఇంగ్లిస్. 1913లో ఆయన ఈ సంగతి చెప్పింది గణితశాస్త్రజ్ఞుల సభలో కాదు, లండనులో ఓడలు కట్టే ఇంజనీర్ల ముందు. వెడల్పాటి పలకలో దీర్ఘవృత్తాకారపు కన్నం ఉంటే, దాని కొసన ప్రతిబలం ఎన్ని రెట్లు పెరుగుతుందో చెప్పే సూత్రం చాలా చిన్నది: లాగే దిశకు అడ్డంగా ఉన్న పొడవును వెడల్పుతో భాగించి, రెట్టింపు చేసి, ఒకటి కలపండి. వృత్తానికి పొడవూ వెడల్పూ సమానం, కాబట్టి 3 రెట్లు. పొడవు వెడల్పుకు ఐదింతలైతే 11 రెట్లు. వందింతలున్న సన్నటి గాటుకు 201 రెట్లు!

ఇంగ్లిస్ చెప్పిన ముప్పై ఏళ్లకు ఓడలవాళ్లకు ఇది కళ్లకు కట్టింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా హడావిడిగా వెల్డింగుతో వందల కొద్దీ లిబర్టీ ఓడలు కట్టింది. కొన్నిటి ఉక్కు పగిలింది. ఆ పగుళ్లలో చాలా భాగం సామాను దించే వాకిళ్ల చదరపు మూలల దగ్గర మొదలయ్యాయి. తరవాత మూలలను గుండ్రంగా చేసి, బలపరిచారు. మూలలదే మొత్తం తప్పని చెప్పలేం; ఆ ఉక్కు చలికి పెళుసుబారేదని కేంబ్రిడ్జిలో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే శాస్త్రవేత్త నిరూపించింది. కాని పగులుకు దారి చూపింది మాత్రం మూల.

అందుకే పడవలో వాకిలి కోసే మంచి వడ్రంగి ముందు నాలుగు మూలల్లో బర్మాతో నాలుగు గుండ్రటి రంధ్రాలు వేస్తాడు. వాటి అంచులను కలుపుతూ సన్నరంపంతో కోస్తాడు. అప్పుడు మూలలు వాటంతటవే గుండ్రంగా వస్తాయి. మీ మూడో కాగితపు పట్టీ సరిగ్గా ఇదే.

ఎక్కడ కోయాలి అనేది ఇంకో ప్రశ్న. బల్ల మీద నలుగురు కూర్చుంటే ముందు పలక దూలంలా పనిచేస్తుంది. వంగే దూలంలో పై అంచు నొక్కుకుంటుంది, కింది అంచు సాగుతుంది, నడుమ పొర దాదాపు ఏమీ అనుభవించదు. కనుక పలక ఎత్తులో నడిమి భాగం కోసి, పైనా కిందా వెడల్పాటి పట్టీలు వదలాలి. కింద వదిలిన పట్టీయే మనకు కావలసిన గడప కూడా అయింది, చూశారా! రెండు కొసల ఆధారాల దగ్గర మాత్రం కోయకూడదు. అక్కడ కోత బలం ఎక్కువ. ఒకే పొడుగు వాకిలి కంటె, మధ్యలో ఒక నిలువు బద్ద వదిలి రెండు చిన్న వాకిళ్లు పెట్టడం ఎంతో మేలు. వాకిలి మీది పట్టీ నడుమ బరువు పడితే అది వంగడం, పొడవు ఘనంతో పెరుగుతుంది. పొడవు సగమైతే వంపు ఎనిమిదో వంతే.

పైమూత ఉండనే ఉంటుంది. పెద్ద వస్తువులు పెట్టడానికి అదే కావాలి. దాని లెక్కా చూద్దాం. మూత వెడల్పు 60 సెంటీమీటర్లు, బరువు 6 కిలోలు. గరిమనాభి బందుకు 30 సెంటీమీటర్ల దూరంలో. భ్రామకం సుమారు 17.6 న్యూటన్-మీటర్లు. అంచు దగ్గర పట్టుకుని ఎత్తితే 3 కిలోల బరువే అనిపిస్తుంది. కాని బందుకు 3 సెంటీమీటర్ల దూరంలో వేలు చిక్కుకుంటే? 17.6ను 0.03తో భాగించండి. 588 న్యూటన్లు! 60 కిలోల మనిషి ఆ వేలి మీద నిలబడ్డట్టు. అదీ ఊరికే ఆనితేనే; పైనుంచి పడితే ఇంకా ఎక్కువ. నేను చదువుకునే రోజుల్లో బడిలో మూత ఎత్తే డెస్కులు ఉండేవి. బందు వైపు వేలు పెట్టి గోరు నల్లబరచుకున్నవాణ్ని కాబట్టి ఈ లెక్క నాకు బాగా గుర్తు.

మూతను నిటారుగా నిలబెడితే భ్రామకం సున్నా, కాని పడవ ఒక్క ఊగు ఊగిందా, దబ్బున పడుతుంది. కొందరు కార్ల డిక్కీకి ఉండే వాయు స్ప్రింగు బిగిస్తారు. గొట్టంలో నైట్రోజన్‌ను గట్టిగా నొక్కి నింపుతారు, అది కడ్డీని బయటికి తోస్తూ ఉంటుంది. బందుకు 10 సెంటీమీటర్ల దూరంలో లంబంగా తోస్తే 176 న్యూటన్లు చాలు. హాయిగా ఉంటుంది, ఒప్పుకుంటాను. అయితే ఉప్పుగాలికి కడ్డీ తుప్పు పట్టి, వాయువు కారిపోయిందంటే, చెప్పాపెట్టకుండా ఒకరోజు మూత పడుతుంది. నన్నడిగితే గోడకు ఒక ఇత్తడి కొక్కెమే నయం.

మూతకు పిడి బిగించనక్కరలేదు. వేలు దూరేంత గుండ్రటి కన్నం చేస్తే చాలు. ఆ కన్నం లోపలికి గాలి కూడా పోనిస్తుంది. పడవ గోడ సముద్రపు నీటికి చల్లబడి ఉంటుంది. అర లోపలి తేమ గాలి దానికి తగిలి నీటి బొట్లవుతుంది. గాలాడని అరలో డబ్బాలు తుప్పు పడతాయి, బట్టలు బూజు పడతాయి. ముందు తలుపుకు కూడా వరుసగా కన్నాలు వేసి, అడుగున కొయ్య బద్దలు పరిచి వాటి మీద సామాను పెడితే, బొట్లు కిందికి జారిపోతాయి.

రెండు చోట్ల మాత్రం ఎంత ఇరుకైనా రంపం పెట్టకూడదు. ఒకటి, నీరు ఒక గది నుంచి ఇంకో గదికి పోకుండా కట్టిన అడ్డుగోడ. రెండోది వంటగ్యాసు సిలిండరు ఉండే అర. మన వంటింటి గ్యాసే అది. గాలి కంటె బరువు. ప్రొపేన్ సాంద్రత గాలికి సుమారు ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్‌ది రెండు రెట్లు. ఇంట్లో కారితే తలుపు గడప మీదుగా బయటికి పోయే దారి ఉంటుంది. పడవ ఒక గిన్నె. కారిన గ్యాసు అడుగున చేరి నీళ్లలా నిలుస్తుంది, ఒక్క రవ్వ కోసం కాచుకుని ఉంటుంది. అందుకే ఆ అర పైనుంచి మాత్రమే తెరుచుకుంటుంది, లోపలి గోడలకు ఎక్కడా సందు ఉండదు, అడుగున ఒక గొట్టం నీటి మట్టానికి పైగా సముద్రంలోకి తెరుచుకుని ఉంటుంది. సిలిండరు మార్చడానికి వంగి నడుము పట్టేసినా, దానికి పక్క వాకిలి కోయరు.

ఇక మీకు ఒక లెక్క. మొదట మనం చూసిన సీకాక్ దగ్గర గొట్టం ఊడింది. కాని ఈసారి కన్నం నీటి మట్టానికి 60 కాదు, 15 సెంటీమీటర్ల కింద ఉంది. లోతు నాలుగో వంతు అయింది కాబట్టి నీరు కూడా నాలుగో వంతే వస్తుందని మీ స్నేహితుడు అన్నాడు. అతను చెప్పింది సరేనా? 15 లీటర్ల బిందె ఎన్ని సెకన్లలో నిండుతుందో కట్టి చూడండి.